అడ్డు

"ఇంకోసారి ఆపి ఆన్ చెయ్యి," అన్నాడు అన్న, తన ఫోన్‌లో వీడియో చూస్తూనే.

చెల్లెలు అప్పటికే తన ఫోన్‌నీ, గోడమీది వైఫై పెట్టెనీ ఆపి ఆన్ చేసి విసిగిపోయింది. పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నా కనెక్ట్ కావడం లేదు. కాసేపట్లో వీడియోలో ఉద్యోగం ఇంటర్వ్యూ. భర్తను వదిలి పుట్టింటికి వచ్చాక అందిన మొదటి పిలుపు అది.

"పాత ఫోన్ కదా, దాని పని అయిపోయింది," అన్నాడు అన్న.

వంటింట్లోంచి వదిన వచ్చి తన ఫోన్‌లో ఆ వైఫై పెట్టె సెట్టింగులు తెరిచింది. చూస్తూ చూస్తూ ఆగిపోయింది.

"నీ ఫోన్‌కేం రోగం లేదు. ఇక్కడ దాన్ని బ్లాక్ చేసి పెట్టారు."

చెల్లెలు తల తిప్పింది. "నువ్వా అన్నయ్యా?"

"ఉద్యోగంలో చేరితే ఇక నువ్వు మీ ఆయన గడప తొక్కుతావా?" తల ఎత్తకుండానే అన్నాడు.

తను ఇక్కడ ఉండటం వదినకే గిట్టదని చెల్లెలు ఇన్నాళ్లూ అనుకుంది.

వదిన బ్లాక్ తీసేసింది. "కలిసింది చూడు. లోపలికెళ్లి తలుపేసుకుని మాట్లాడుకో."

"మధ్యలో నీకెందుకు?" అన్నాడు అన్న.

చెల్లెలు తలుపు మూస్తుంటే, వదిన ఆ తలుపు ముందుకే కుర్చీ లాక్కుని, మొగుడికి ఎదురుగా కూర్చుంది.