తలాపున లేని వెండి గుండు

మా మ్యూజియంలో వస్తువులను అవి దేనితో చేసినవో చూసి సర్దుతాం. కొయ్య, తోలు మూడో గదికి. లోహాలు ఏడో గదికి. కోపెన్‌హాగెన్‌లో ఇరవై ఏళ్లుగా నా పని ఇదే.

ఉత్తర ధ్రువం దగ్గరి మంచు సీమ నుంచి సామీ తెగ పెద్దలను పిలిపించాం, వాళ్ల వస్తువుల గురించి మాతో కూర్చుని మాట్లాడమని. రవ్‌నా అనే ముసలావిడ పసిబిడ్డను పడుకోబెట్టే ఒక తోలు తొట్టె దగ్గర ఆగిపోయింది. అది వాళ్ల ముత్తవ్వ ఇంటిదట.

"తలాపున వెండి గుండు ఉండాలే, ఏదమ్మా?"

"లోహాల గదిలో భద్రంగా ఉందవ్వా."

"దాని భద్రత ఎవడిక్కావాలి? అది కట్టకపోతే నేల కింది వాళ్లు బిడ్డను ఎత్తుకుపోతారు."

"నూరేళ్లుగా ఖాళీ తొట్టే కదా!" నవ్వాను.

ఆవిడ నవ్వలేదు. "నేల మీద ఎప్పుడైనా పెట్టారా?"

"లేదు, ఎప్పుడూ పై అరలోనే."

"నేల తగలకపోతే వాళ్లకు అందదు. అయితే బిడ్డ ఇంకా ఉందేమో," అంటూ కళ్లు తుడుచుకుంది.

రాత్రి అందరూ వెళ్లాక తొట్టెను అరలోకి ఎత్తబోయాను. చీటీ మీద రెండు కిలోలని ఉంది. నా చేతులు కుంగిపోయాయి. లోపలి తోలు మెల్లగా పొంగుతోంది, తగ్గుతోంది. బరువు ఆపలేక అక్కడే దించేసి ఏడో గదికి పరుగెత్తాను.

వెండి గుండు తెచ్చి తలాపున కట్టాను. ఈసారి తొట్టె తేలిగ్గా లేచింది. లోపల చెయ్యి పెట్టి చూశాను. ఖాళీ. తోలు మాత్రం ఇంకా వెచ్చగానే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది, నేను దాన్ని నేల మీద దించానని.

పొద్దున్నే అవ్వ వస్తుంది.