చెరి సగం

డాక్టరమ్మ గది బయట బెంచీకి ఆ చివర ఆమె, ఈ చివర అతను. మధ్యలో మరో ముగ్గురు పట్టేంత చోటు.

ఆమె బట్టలు కుడుతుంది. అతను టైల్స్ పరిచే మేస్త్రీ.

కొన్నాళ్ళ కిందట పని మీద వేరే ఊరెళ్ళి, అక్కడ ఒక తప్పు చేసి, ఆ తప్పుతో పాటు ఒక రోగాన్నీ ఇంటికి తెచ్చాడు. ఏడ్చి ఒప్పుకున్నాడు. ఆమె దేవుడి మీద భారం వేసి క్షమించింది. ఆమెకూ అంటుకున్న ఆ రోగానికి మందు వాడితే మంట తగ్గింది.

ఇప్పుడు మళ్ళీ అదే మంట.

"మళ్ళీ వెళ్ళావా?" అని పొద్దున అడిగింది.

"నీ మీద ఒట్టు, వెళ్ళలేదు."

"నా మీద ఎందుకు? నేను బతకొద్దూ?"

నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఈసారి నిజమని తేలితే పాపను తీసుకుని అక్క ఇంటికి వెళ్ళిపోదామనే నిశ్చయించుకుంది. అయినా మనసులో ఒక మూల సందేహం. రోగం తిరిగొస్తే, తప్పు కూడా తిరిగి జరిగినట్టేనా?

లోపలికి ఒక్కతే వెళ్ళింది.

"పరీక్షలో అదే తేలిందమ్మా. క్రితంసారి మీ ఆయన కూడా మందు వాడాడా?"

"వాడాడండీ."

"ఎవరు రాసిచ్చారు?"

"ఎవరూ రాయలేదు. ఆయనకి ఇక్కడికి రావాలంటే సిగ్గు. నా మాత్రలే చెరి సగం మింగాం."

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసింది. "చెరి సగమా?"

"ఇంట్లో ఏదైనా మాకంతేనండీ."

"ఒక చొక్కాకి సరిపోయే గుడ్డలో రెండు కుడితే ఏమవుతుందమ్మా?"

"ఇద్దరికీ పట్టవు" అనేసి, ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"ఇదీ అంతే. ఇద్దరిలోనూ కొంత చచ్చింది, కొంత మిగిలింది. ఆ మిగిలింది మీ ఇద్దరి మధ్యే తిరుగుతోంది."

"అంటే ఆయన మళ్ళీ..."

"ఎవరు ఎక్కడికి వెళ్ళారో నా పరీక్ష చెప్పదు. కానీ ఇది తిరిగి రావడానికి మూడో మనిషి అక్కర్లేదు."

ఆమెకు కళ్ళు నిండాయి. గుండెల మీంచి బండ దిగినట్టయింది.

"ఎవరి మందు వాళ్ళకే. తగ్గిందని మధ్యలో ఆపొద్దు. ఇద్దరూ పూర్తిచేసి, నేను చూసి సరే అనేదాకా దూరంగా పడుకోండి. ఆ తర్వాత కూడా కండోమ్ వాడితే మంచిది. ముందు ఆయన్ని పిలువు."

ఆమె తలుపు తీసింది.

"రా, నిన్నూ చూస్తారట."

అతని ముఖం పాలిపోయింది. "తిడతారా?"

"తిట్లు నేను తిన్నాలే. నీకు మాత్రలే మిగిలాయి."

సాయంత్రం పాప ఆటల్లో ఉండగా అతను గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"నేనెక్కడ పడుకోను?"

"ముందుగదిలో."

"మందు అయిపోయాక?"

ఆమె మంచం మీది రెండు తలగడలనూ నొక్కి చూసి, మెత్తనిది అతనికిచ్చింది.