నీలం స్వెట్టర్

"జుట్టు ముడేసుకోవడం కూడా చేతకాదా నీకు?" టోర్కిల్ రిపోర్టును బల్ల మీదికి విసిరాడు. ఒడెన్సె నగరంలోని ఆ ల్యాబుకి ఆయనే పెద్ద. "చనిపోయిన పిల్లాడి గుండెలో మనకు మిగిలిన చివరి ముక్క అది. దాంట్లో ప్రొటీన్లు చదవమంటే, మిషన్‌కి నీ వెంట్రుకల కెరటిన్ తినిపించావు. తప్పు చేసినవాళ్లే ఆ తల్లికి ఫోన్ చెయ్యాలి. చెయ్యి."

పరిశోధక విద్యార్థిని మైకెన్ ఫోన్ ముట్టుకోలేదు. కోపంతో ఆమె చెవులు వేడెక్కాయి.

"కెరటిన్ అని చూసి ఆగిపోయారు. అది ఎవరి వెంట్రుకో చూశారా?"

"ఎవరిదైతే ఏంటి?"

"మనిషిది కాదు. అమైనో ఆమ్లాల వరుస చదవండి. గొర్రెది." రిపోర్టును ఆయన ముందుకి తోసింది. "శాంపిళ్ల గదిలోకి నేను ఊలు వేసుకుని వెళ్లను. ఆ రూలు పెట్టింది మీరే."

టోర్కిల్ తన ఒంటి మీది నీలం స్వెట్టర్ వంక చూసుకున్నాడు.

"శనివారం ఆ శాంపిల్ డబ్బా మూత తీసి చూశాను," అన్నాడు. "ఇంకా ఎంతుందో అని. ఇదే వేసుకుని ఉన్నాను."

మైకెన్ ఫోన్ తీసి ఆయన చేతిలో పెట్టింది. "తప్పు చేసినవాళ్లే చెయ్యాలన్నారుగా."

ఆయన నంబరు నొక్కలేదు. స్వెట్టర్ చేతి అంచు నలుపుతూ కూర్చున్నాడు.

"ఇది ఆ తల్లే అల్లిచ్చింది. పిల్లాణ్ణి తీసుకుపోయిన జబ్బేంటో మనం కనిపెడతామని."

మైకెన్ రిపోర్టును తన వైపు లాక్కుంది. కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు.

"మూత తీసింది మీరేనని చెప్పండి," అంది. "ఆ ఊలు ఆవిడ అల్లిందేనని నోరు జారారంటే మాత్రం ఊరుకోను."