టిఫిన్ క్యారియర్ దెబ్బ

“మామ్మా, ముట్టుకోకండి!” అన్నాడు ఫణీంద్ర. ప్రేమ్ బజార్‌లో పాత వీడియో గేమ్ మిషన్లు పోగేసి మ్యూజియం పెట్టిన కుర్రాడు.

గంగాభవాని చెయ్యి తియ్యలేదు. మిషను పక్కరేకు మీది సొట్టని అరచెయ్యి ఆనవాలు పట్టేసింది మరి.

“ఈ సొట్ట నాదే బాబూ. గోల్‌బజార్ కొట్లో ఉండీది ఈ మిషను. డ్యూటీ దిగి ఈయన దీని ముందరే కూకుండిపోతే, నానెల్లి టిఫిన్ క్యారియర్‌తో దీన్ని ఒక్కటిచ్చీదాన్ని. రోజూనూ!”

రైల్వే వర్క్‌షాపులో ముప్పయ్యేళ్లు ఫిట్టరుగా చేసిన ఆవిడ మొగుడు ఎర్రయ్య తన చెప్పులకేసి చూసుకున్నాడు.

“అప్పుడు లేచేవారా తాతగారు?”

“ఏటి లేవడం! నువ్వు పద, ఎనకాలే వత్తాననీవోరు. గంటకొచ్చీవోరు.”

ఫణీంద్ర నిట్టూర్చాడు. “ఇప్పుడసలు వెలగడమే లేదు మామ్మా. నెల్లాళ్లు తిప్పలు పడ్డాను. రేపు లోపలి సామానంతా పీకేసి కొత్త కంప్యూటర్ పెట్టేస్తాను. పై డబ్బా మటుకు పాతదే.”

ఎర్రయ్య గబుక్కున తలెత్తాడు. “పాత సామాను తీసేత్తే ఇంకేటి మిగుల్తాది బాబూ?”

ఆ మాటంటూనే, మధ్యాన్నానికని తెచ్చుకున్న టిఫిన్ క్యారియర్ సంచీలోంచి తీసి, భార్య చేతికందించాడు.

“ఒలే బవానీ, ఒక్కటియ్యి.”

పాత కోపం ఎక్కడికి పోతుంది? ఠంగున ఇచ్చింది గంగాభవాని.

మిషను గుర్రుమని, తెర తెల్లగా వెలిగింది. ఫణీంద్ర నోరు తెరిచాడు.

గంగాభవాని మొగుడికేసి తిరిగింది. “అయితే నాను ఆట ఆపడానికి కొడితే, ఆ దెబ్బకే ఇది ఆడీదా?”

ఎర్రయ్య తెర మీంచి చూపు తిప్పలేదు.

“కూసింత కిందికి ఇంకోటియ్యే. రంగులూ వత్తాయి.”