తెల్లారేదాకా ఆగే పిండి

అయోడిన్ చుక్క పడగానే పిండి నల్లబడింది. ఇలా కాకూడదే అనుకుంది శాస్త్రవేత్త.

గాజుపలకను చప్పుడు కాకుండా పక్కకు జరిపి, డబ్బాలోంచి ఇంకో చిటికెడు తీసి మళ్లీ చుక్క వేసింది. మళ్లీ నలుపే! నలుపు వచ్చిందంటే అది మామూలు మొక్కజొన్న పిండి. విత్తనంలో జన్యువు మార్చి, అందులోని పిండిపదార్థం మెల్లమెల్లగా అరిగేలా తను పండించిన మొక్కజొన్నయితే ఇటుక రంగు రావాలి. ఇళ్లనుంచి తిరిగొచ్చిన ప్రతి డబ్బాకీ ఈ పరీక్ష చేయడం ఆ ప్రయోగశాలలో అలవాటు. ఏదో మొక్కుబడిగా చేసే పని కాస్తా ఇవాళ నెత్తిమీదికొచ్చింది.

ఆ డబ్బా తెచ్చి ఎదురుగా కూర్చున్న దర్జీ అమ్మాయికి ఈ గొడవేమీ తెలియదు. సంచిలోంచి కొత్త తలగడ తీసి బల్లమీద పెట్టింది.

"ముందు ఇది తీసుకోండి మేడమ్. దూది ఏరి మరీ కూరాను, గలీబు నేనే కుట్టాను. మీరు నాకు నిద్ర ఇచ్చారు, నేను మీకింకేం ఇవ్వగలను చెప్పండి!"

"అయ్యో, ఇవన్నీ ఎందుకమ్మా..."

"ఎందుకంటారేంటి! పాప పుట్టిందగ్గర్నుంచీ కంటిమీద కునుకుందా నాకు? లేవడం, పచ్చిపిండి నీళ్లలో కలిపి తాగించడం, అలారం పెట్టుకోవడం, మళ్లీ లేవడం. ఓసారి మిషన్ మీదే తూగుతూ ఒకాయన కోటుకి రెండూ ఎడమ చేతులే కుట్టేశాను. ఇప్పుడో? పడుకునే ముందు ఒక్క గ్లాసు, అంతే. మీ కడుపు చల్లగా ఉండాలి మేడమ్!"

ఆ పాప ఒంట్లో చక్కెర నిలవుంటుంది గాని, అవసరానికి బయటికి రాదు. కడుపు ఖాళీ అయిందంటే చక్కెర పడిపోయి స్పృహ తప్పుతుంది, ప్రాణం మీదికే వస్తుంది. మామూలు పిండి అర్ధరాత్రి దాకా కూడా ఆగదు. కొత్త పిండి తెల్లారేదాకా ఆగుతుంది. ఆసుపత్రిలో ఒక రాత్రి పాపకు తాగించి, పక్కనే కూర్చుని చూసుకున్నాకే డాక్టర్లు డబ్బా ఇంటికి పంపారు. ఆ డబ్బా నింపింది శాస్త్రవేత్తే. గదిలో మామూలు పిండి పీపా, కొత్త పిండి పీపా పక్కపక్కనే ఉంటాయి, రెండింట్లో పిండీ ఒకేలా ఉంటుంది. ఎంత పని చేశానురా దేవుడా అనుకుంది.

"పాపకి రాత్రిళ్లు చెమటలు పట్టడం, వణకడం లాంటివేమైనా..."

"ఏమీ లేవు మేడమ్! మా అత్తయ్య పక్కలో పడుకుంటోంది. 'ఇన్నాళ్లూ మేలుకున్నావు, ఇకనైనా ఆ గదిలో కాళ్లు చాపుకుని పడుకో' అని నన్ను తరిమేసింది."

కిటికీ అద్దంలోంచి వసారాలోకి చూసింది శాస్త్రవేత్త. నానమ్మ కూర్చుని చూస్తుంటే, పాప నేలమీది పలకల గీతలు తొక్కకుండా గెంతుతోంది. లక్షణంగా ఉంది. కొత్త డబ్బా చేతిలో పెట్టి పంపేస్తే ఎవరికీ తెలియదు. కానీ ఎదురుగా ఆ తలగడ ఉంది, ఆ నవ్వు మొహం ఉంది. మనసు ఒప్పలేదు.

"అమ్మా, ఇందులో ఉన్నది మామూలు పిండి. నింపడంలో పొరపాటు చేశాను. తప్పు నాదే."

దర్జీ అమ్మాయి డబ్బా వైపు చూసింది. "అంటే... నేను గుర్రుపెట్టి నిద్రపోతుంటే నా బిడ్డ..." అని ఆగిపోయింది. మరుక్షణం లేచి నిలబడింది. "దేవతని మొక్కినట్టు మొక్కాను కదండీ మీకు! నా పిల్ల ప్రాణంతో ఆడుకుంటారా?"

శాస్త్రవేత్త తల దించుకుంది. ఏమన్నా పడాల్సిందే. అంతలో తలుపు తోసుకుని, పాప చెయ్యి పట్టుకుని అత్తగారు లోపలికి వచ్చింది.

"ఏమిటే ఆ కేకలు?"

"చూడండత్తయ్యా! ఇన్నాళ్లూ మనకిచ్చింది ఉత్త మామూలు పిండట!"

"ఆవిణ్ణేమీ అనకు. ఆవిడ సరైన పిండే ఇచ్చింది. అది తీసేసి, డబ్బాలో మామూలు పిండి పోసింది నేనే."

"మీరా! మరి రాత్రిళ్లు?"

"లేచి తాగిస్తున్నానుగా, నువ్వు తాగించినట్టే, వేళ తప్పకుండా. ఇది కళ్లు కూడా తెరవదు, గుటగుటా తాగేస్తుంది, నా బంగారుతల్లి."

దర్జీ అమ్మాయి కోపమంతా ఎటు పోయిందో, కళ్లనిండా నీళ్లు తిరిగాయి. అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నాతో ఒక్కమాట చెప్పొచ్చు కదత్తయ్యా!"

"చెబితే నువ్వు నిద్రపోతావా?"

శాస్త్రవేత్త కుర్చీలో కూలబడి హమ్మయ్య అనుకుంది. ఆ పెద్దావిడకి చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. పిల్ల బతికింది, తన పొరపాటు కూడా లేదు. అయినా ఏళ్ల తరబడి పడ్డ కష్టం కదా, ఉండబట్టలేక అడిగింది.

"నా పిండిని పారబోశారా అమ్మా?"

"పారబోయడమేంటమ్మా! ఆసుపత్రిలో ఒక రాత్రి తాగితే సరే, రోజూ తాగితే పసిదాని ఒంటికేమవుతుందోనని, రోజూ పడుకునేముందు నేనే తాగి చూశాను. నిక్షేపంలా ఉన్నాను, తెల్లారేదాకా ఆకలన్న మాటే లేదు, ఇక పిల్లకివ్వండి."