తూములో గుడ్డలు

తొలి చుక్క సార్జెంటు టీ గ్లాసులో పడింది. రెండోది వైర్‌లెస్ సెట్టు మీద పడింది. అప్పుడు గానీ అతను తల పైకెత్తలేదు.

ఇరాక్ సైన్యం ఆక్రమించిన ఎడారి ఊరు జహ్రాలో ఆ జనవరి పొద్దున వడగళ్లు పడ్డాయి. ఆ ఇంట్లో దిగిన ఇరాకీ సైనికులు వాకిట్లోకి పరిగెత్తి, చిన్నపిల్లల్లా ఏరుకుని నోట్లో వేసుకున్నారు కూడా. ఇప్పుడా వడగళ్లన్నీ మిద్దె మీద కరుగుతున్నాయి. హాలు కప్పు ఎక్కడ పడితే అక్కడ కారుతోంది.

ఇంటి మనుషుల్లో మిగిలింది ఇద్దరాడవాళ్లు. ఒకరు తిరుపాలమ్మ. యాభై దాటిన మనిషి, కడప వైపు నుంచి వంటపనికి వచ్చింది. రెండో ఆమెను తన చెల్లెలు చిట్టి అని చెప్పింది. సైనికులు ఇద్దరి ఇఖామాలూ, అంటే నివాస అనుమతి కార్డులు, చూశారు. ఫోటోల కేసి సరిగ్గా చూసింది లేదు. వాళ్ల కళ్లకు ఇండియా ఆడవాళ్లంతా ఒక్కటే. ఇండియా వాళ్లతో వాళ్లకు ఏ గొడవా లేదు.

వాళ్లకు కావలసింది ఈ ఇంటి యజమానురాలు, పనివాళ్లు 'మామా' అని పిలిచే మనిషి. ఆమె కొడుకు ఊళ్లో ఎక్కడో నక్కి సైనికుల్ని కాలుస్తున్నాడు. తల్లిని పట్టుకుంటే కొడుకు తనే వస్తాడని వాళ్ల ఎత్తు.

"మామా పోయిన నెల జొరమొచ్చి చచ్చిపోయింది సార్. మందుల్లేవు. బయటికి తీసకపోయే దిక్కులేక పెరట్లోనే పూడ్చినాం" అని మొదటి రోజే తనకొచ్చిన అరబ్బీలో చెప్పింది తిరుపాలమ్మ. గోడ పక్కన మట్టిదిబ్బ చూపించింది.

"అబద్ధమని తేలిందా, ఇద్దర్నీ ఆ గోడకే నిలబెట్టి కాలుస్తా" అన్నాడు సార్జెంటు.

ఇప్పుడతను ఇద్దర్నీ ముందు నడిపించుకుంటూ మిద్దె ఎక్కాడు. పైన చెరువులా ఉంది. మూలకు కొట్టుకొచ్చిన వడగళ్లు చీలమండ లోతున పేరుకున్నాయి. నీళ్లు పోయే తూములో ఎవరో పాత గుడ్డలు బిగించి కుక్కారు.

"ఎవరి పని ఇది?"

"నాదే సార్" అంది తిరుపాలమ్మ. పిట్టగోడ మీంచి కిందికి చూపించింది. తూము నీళ్లు సరిగ్గా ఆ మట్టిదిబ్బ మీదే పడతాయి. "ఇద్దరాడోళ్లు తవ్విన గుంత సార్ అది. మోకాలు లోతు గూడా ల్యా. నీళ్లు పడితే కొట్టకపోతాది. ఇల్లు కారితే కారనీ సార్, నేను తుడుచుకుంటా."

సార్జెంటు నవ్వాడు. ఆ నవ్వు మంచిది కాదు. ఈ ఊళ్లోనే దొంగ సమాధులు తవ్వించి తుపాకులు బయటికి తీయించిన మనిషి అతను.

"పార పట్టే పని తప్పింది. నీళ్లే తవ్విపెడతాయి. యల్లా, తీయండి గుడ్డలు."

తిరుపాలమ్మ కదల్లేదు. అతను తుపాకీ గొట్టంతో రెండో ఆమె భుజాన్ని పొడిచాడు.

"పీకు చిట్టీ" అని తిరుపాలమ్మ తూము వైపు చెయ్యి చూపించింది.

"అట్లే అక్కా."

ఆమె నోట ఎప్పుడూ అదే తెలుగు మాట. అన్నం తినమన్నా అదే, ఊడ్చమన్నా అదే. సైనికులు నేర్చేసుకుని ఒకర్నొకరు వెక్కిరించుకోవడానికి వాడుతున్నారు.

ఆమె వంగింది. కొంగు జారి నీళ్లలో పడింది. దాన్ని దోపుకోకుండానే మంచులోకి చేతులు పెట్టి గుడ్డలు లాగింది. తూము గుడగుడమంది. మిద్దె మీది నీళ్లన్నీ వడగళ్లతో సహా కిందికి దూకాయి.

ముగ్గురూ దిగి పెరట్లోకి వచ్చేసరికి దిబ్బ సగం లేదు. బురద గోడ వెంట పారుతోంది. తెల్ల దుప్పటి అంచు కనిపించింది. చూస్తుండగానే అదీ తొలగి, మోచేతి దాకా ఒక చెయ్యి బయటపడింది.

తిరుపాలమ్మ బురదలో కూలబడింది. కడుపులోంచి వచ్చింది ఆ ఏడుపు. వాకిట్లో ఉన్న సైనికులు కూడా వచ్చి తొంగిచూశారు.

"పని చెప్పే మనిషి కోసం ఇంత ఏడుపా?" అన్నాడు సార్జెంటు.

"ఒక కంచంలో తిన్న్యాం సార్."

అతను ముక్కుకు గుడ్డ అడ్డం పెట్టుకుని వంగాడు. నల్లబడిన ఆ చేతి మీద పచ్చబొట్టు ఉంది. వంకర్లు తిరిగిన గీతలు, సున్నాలు. అతను వాటినే చూస్తూ ఉండిపోయాడు. తిరుపాలమ్మ ఏడుపు టక్కున ఆగింది.

సార్జెంటు టోపీ తీశాడు.

"ఎడారి ఆడమనిషి" అన్నాడు మెల్లగా. "మా నాయనమ్మ చేతుల మీదా ఇట్లాంటివే ఉండేవి. మా వైపు పెద్దవాళ్లంతా పొడిపించుకునేవాళ్లు." పెదవులు కదిపి ప్రార్థన చదివాడు. "ఈసారి లోతుగా పూడ్చండి. ఖలాస్. మీ మామా జోలికి ఇంకెవరూ రారు."

సైనికుల్ని తోలుకుని లోపలికి వెళ్లిపోయాడు. హాల్లో కారడం తగ్గినట్టుంది, వాళ్ల మాటలు మళ్లీ వినిపించాయి.

రెండో ఆమె పార తెచ్చింది.

తిరుపాలమ్మ ఆ చేతి మీది బురదను కొంగుతో తుడిచి, చిన్నప్పుడు తిరునాళ్లలో చెల్లెలికి తనే పట్టుబట్టి పొడిపించిన 'చిట్టి' అనే రెండు తెలుగు అక్షరాలను వేలితో ఒక్కసారి తడిమి, పార పట్టుకుని నిలబడ్డ ఆమెతో "యల్లా మామా, మట్టెయ్యి" అని గొణిగింది.