మూడున్నర గంటల ఎండ

ఎదుటి ఖాళీ స్థలంలో ఒకాయన కర్ర పాతి, దాని నీడను టేపుతో కొలుస్తున్నాడు. వారం నుంచీ ఇదే వరస.

మేడమీద కిటికీ దగ్గర జాకెట్టు కుడుతున్న టైలరమ్మ మిషను ఆపింది.

“ఏవయ్యా, ఏం పారేసుకున్నావక్కడ?”

ఆయన తలెత్తి నవ్వాడు.

“ఎండ లెక్క కడుతున్నానమ్మా. మీ మిషను కిటికీకి ఎంత దూరంలో ఉంటుంది?”

“ఎందుకు, ఎత్తుకుపోతావా?”

పక్కన హుక్కులు కుడుతున్న అత్తగారు కిసుక్కున నవ్వింది.

ఆయన నోటుబుక్కు తిరగేశాడు.

“చలికాలంలో పగలు మరీ కురచైన రోజు ఒకటుంటుంది. ఆ రోజు ఇక్కడ సూర్యుడు ఆరూ నలభై రెండుకొచ్చి, ఐదూ ముప్పై ఆరుకి వెళ్ళిపోతాడు. మీ కిటికీలో ఎండ ఉండేది మూడున్నర గంటలే. ఒక్కసారి పైకొచ్చి చూడనిస్తే...”

“సూర్యుడి సంగతి సూర్యుడు చూసుకుంటాడు. నీ పని నువ్వు చూసుకో.”

కిటికీ రెక్క ధడాలున మూసింది.

నెల తిరక్కుండా ఆ స్థలంలో పునాదులు తవ్వారు. ఐదంతస్తులట.

అవి లేస్తే టైలరమ్మ కిటికీకి ఎండే ఉండదు. లైటు కింద నల్లగుడ్డ మీద నల్లదారం ఆమె కంటికి ఆనదు. మకాం మారిస్తే ఇరవై ఏళ్ళ బేరాలు పోతాయి.

“మన పొద్దు గుంకినట్టే అత్తయ్యా.”

“గోడ లేవనీవే, అప్పుడేడుద్దాం.”

గోడలు లేచాయి. కానీ వీళ్ళ కిటికీకి ఎదురుగా ఉన్న మూల రెండంతస్తుల దగ్గరే ఆగిపోయింది. మిగతాది ఐదు దాకా పోయింది. ఎవరో మేడను కత్తెరతో కత్తిరించినట్టుంది.

చలికాలం వచ్చింది. పదిన్నరకు మిషను మీద పడిన ఎండ రెండింటిదాకా కదల్లేదు.

టైలరమ్మ గబగబా మెట్లు దిగింది.

“ఆ మూల ఎందుకొదిలేశారు మేస్త్రీ?”

“ఓనరుకి ఇష్టం లేదమ్మా. గదులు పోతాయని గింజుకున్నాడు. ప్లాను గీసిన ఇంజనీరు గారు ఒప్పుకోలేదు. ఎదురింటావిడ కుట్టుపని చేసుకుంటోంది, ఆవిడ వెలుతురుకి అడ్డం పడితే ఈ పనే నాకొద్దన్నారు.”

టైలరమ్మ తలెత్తి ఆ మూలకేసి చూసింది.

“ఆయన్నోసారి పిలువు నాయనా. మంచి చొక్కా కుట్టి ఇస్తాను.”

“ఇంకెక్కడమ్మా, పని ముగిసి మొన్ననే వేరే ఊరెళ్ళిపోయారు.”

“అయ్యో, మొహమైనా చూళ్ళేదే.”

“చూడకపోవడమేంటమ్మా, పునాదులకి ముందు వారం రోజులు ఇక్కడ కర్ర పాతుకుని నీడ కొలిచింది ఆయనేగా.”